పొరల మధ్య ఉన్నదేమిటి?

సమోసా మన దేశానికి వచ్చింది మాంసంతోనే. పద్నాలుగో శతాబ్దంలో ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువు చూసిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా అక్కడి విందులో వడ్డించిన సమోసాను వర్ణించాడు. బాదం, పిస్తా, ఉల్లి, మసాలాలతో వండిన ఖీమాను పలచటి రొట్టెలో చుట్టి నేతిలో వేయించేవారట. 1500 ప్రాంతంలో మాళవ సుల్తానుల కోసం మాండూలో తయారైన ‘నిమత్‌నామా’ అనే వంటల పుస్తకంలోనూ ఖీమా సమోసాలు ఉన్నాయి. ఆ తర్వాత పోర్చుగీసు ఓడల్లో ఆలుగడ్డ పడమటి తీరంలో దిగింది. దేశమంతా పాకడానికి దానికి రెండు మూడు వందల ఏళ్లు పట్టింది. పాకినచోటల్లా సమోసా లోపలికి చేరింది. నేతి బాణలిలోకి నూనె వచ్చింది. ఇవాళ మన ఊళ్లలో సమోసా అంటే ఆలుగడ్డది, లేదంటే ఇరానీ హోటల్లో దొరికే ఉల్లిగడ్డది. మాంసం, నెయ్యి రెండూ పోయినా అది సమోసా కాకుండా పోలేదు. అసలు దానికి నకలు తింటున్నామన్న వెలితి ఎవరికీ లేదు.

ఇప్పుడు ఆ వంతు పఫ్‌ది. సాయంత్రం నాలుగింటికి తెలుగు ఊళ్లలో ఏ బేకరీకి వెళ్లినా, లోపల బల్బు వెలిగే అద్దాల పెట్టెలో వేడివేడిగా కనిపించేది అదే. ఉల్లిగడ్డ మసాలా మీద ఉడికిన గుడ్డు సగం చెక్క పెట్టి మడిచింది ఎగ్ పఫ్. ఆలుగడ్డ, క్యారెట్, బఠానీ కూరింది కర్రీ పఫ్. బడి వదిలిన పిల్లలు, డ్యూటీ దిగిన కార్మికులు, బస్సు కోసం నిలబడ్డవాళ్లు, అందరికీ అందే చిరుతిండి అది. పొరలు ఒళ్లో రాలుతుంటే, కాగితం ముక్క చేత పట్టుకుని నిలబడే తినేస్తాం. పాలు, వెన్న, గుడ్డు ఏదీ లేకుండా ఈ పఫ్‌ను చేయగలమా అన్న ప్రశ్న హైదరాబాద్‌లో కొన్నేళ్లుగా వినిపిస్తోంది. దానికి నిజాయితీగల జవాబు వెతకాలంటే ముంబై హైవే మీద పడమటికి వెళ్లి, జహీరాబాద్ దాటి చిరాగ్‌పల్లి దాకా రావాలి.

చిరాగ్‌పల్లి తెలంగాణకు అంచున ఉన్న ఊరు. చెక్‌పోస్టు వల్ల లారీ డ్రైవర్లందరికీ ఆ పేరు తెలుసు. పుణె నుంచి హైదరాబాద్ మీదుగా మచిలీపట్నం పోయే 65వ నంబరు జాతీయ రహదారి ఇక్కడే కర్ణాటకను వదిలి తెలంగాణలో అడుగుపెడుతుంది. నిజాం కాలంలో జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. 1956లో రాష్ట్రాల సరిహద్దులు మారినప్పుడు మెదక్ జిల్లాలో కలిసింది. 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. కాగితాల మీద గీతలు ఎన్నిసార్లు మారినా పళ్లెంలో ఏ గీతా పడలేదు. తెలుగు, కన్నడ, ఉర్దూ, మరాఠీ కలిసి మాట్లాడే ఈ సీమలో జొన్నరొట్టె అందరిదీ. హైదరాబాద్ నుంచి ఖీమా కూరిన లుఖ్మీ వచ్చింది. బెంగళూరు వైపు నుంచి అయ్యంగార్ల బేకరీ పద్ధతి వచ్చింది. హాసన్ జిల్లా నుంచి బెంగళూరు చేరిన అయ్యంగార్లు గుడ్డు ముట్టకుండానే బన్నూ కేకూ చేసి ఒక తరహా బేకరీనే నిలబెట్టారు. పరాయి దేశపు వంటను మన కట్టుబాటుకు తగ్గట్టు మలుచుకోవడం ఈ దారిలో కొత్త విషయం కాదు.

వీగన్ తిండి అంటే జంతువుల నుంచి వచ్చేదేదీ లేనిది. మాంసం, చేప, గుడ్డుతోపాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా దాని బయటివే. 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు వీగన్ సొసైటీని స్థాపించినప్పటి నుంచి ఈ ఆలోచనకు ఒక పేరూ ఒక రూపూ వచ్చాయి. పాడి పశువు మీద దయతో ఆ దారి పట్టినవారున్నారు. భూమి వేడెక్కుతోందన్న చింతతో పట్టినవారున్నారు. పాలు అరగనివారికి, గుడ్డు పడని పిల్లలకు అది అవసరమే. మన ఆహార భద్రత ప్రమాణాల సంస్థ 2022లో వీగన్ ఆహారాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చి, ఆకుపచ్చ గుర్తు ఒకటి కేటాయించింది. ఆ గుర్తు పెట్టుకోవాలంటే పదార్థాల్లోనే కాదు, తయారీలో వాడే సహాయక ద్రవ్యాల్లోనూ జంతువుల నుంచి వచ్చినదేదీ ఉండకూడదు. అయితే ఆ గుర్తు కనిపించేది ప్యాకెట్ల మీద. అద్దాల పెట్టెలోంచి తీసి చేతికిచ్చే పఫ్ మీద ఏ గుర్తూ ఉండదు. అక్కడ మనకు ఆధారం అమ్మేవాడి మాటే.

ఆ మాట అడిగితే చిక్కు బయటపడుతుంది. గుడ్డు లేని ఆలుగడ్డ పఫ్ వీగనేనా? కావచ్చు. మన బేకరీల్లో పఫ్‌కు వెన్న వాడేవారు తక్కువ. వెన్న ఖరీదెక్కువ. అందుకని మార్గరిన్ వాడతారు. మార్గరిన్ మొక్కల నూనెలతో చేసిందే అయినా కొన్ని రకాల్లో పాలపొడి కలుస్తుంది. పైన మెరుపు కోసం కొందరు గుడ్డుసొన పూస్తారు, కొందరు పాలు పూస్తారు, కొందరు ఏమీ పూయరు. ఎగ్ పఫ్‌లు కాల్చిన రేకు మీదే కర్రీ పఫ్‌లూ కాలతాయి. చాలాచోట్ల మార్గరిన్ అట్టపెట్టె మీద ఏం రాసి ఉందో చేసేవాడు చదవలేదు, అమ్మేవాడు చూడలేదు, తినేవాడు అడగలేదు. మనం రోజూ తినే ఒక పదార్థం గురించి ముగ్గురికీ తెలియకపోవడం ఈ చర్చలో మొదట సరిదిద్దుకోవాల్సిన సంగతి.

పఫ్‌కు ప్రాణం కూర కాదు, కొవ్వు. మైదాపిండి ముద్దను పలకలా పరిచి, మధ్యలో కొవ్వు పెట్టి, మడిచి, మళ్లీ పాముతారు. చల్లబెట్టి మళ్లీ మడుస్తారు. మూడు మడతల చొప్పున ఆరుసార్లు చేస్తే లెక్కకు 729 కొవ్వు పొరలు వస్తాయి. పొయ్యిలో పెట్టగానే పిండిలోని నీరు ఆవిరై పైకి తన్నుతుంది. పిండి పొరలు ఒకదానికొకటి అంటుకోకుండా కొవ్వు అడ్డం ఉంటుంది. అలా ఆవిరి లేపిన పొరలు లేచినచోటే కాలి కరకరలాడతాయి. ఈస్టు లేదు, సోడా లేదు. నీరు, కొవ్వు, చేతి ఓపిక, అంతే. మడిచేటంతసేపూ కొవ్వు గట్టిగానే ఉండాలి గాని పిండిలో ఇంకిపోకూడదు. మెత్తగా ఉండాలి గాని పగలకూడదు. వెన్న ముప్పై రెండు, ముప్పై అయిదు డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో జహీరాబాద్ ఎండ నలభై దాటుతుంది. చల్లటి గది లేని బేకరీలో వెన్నతో పొరలు వేయడం అసాధ్యమనే చెప్పాలి. అందుకే ఎక్కువ వేడికి గాని కరగని మార్గరిన్ మన బేకరీల్లో పాతుకుపోయింది. అది నోటి వేడికీ పూర్తిగా కరగదు. పఫ్ తిన్నాక అంగిట్లో మైనంలా మిగిలే పూత దానిదే.

ఆ కొవ్వు కథ పెద్దది. 1869లో ఫ్రాన్సులో వెన్నకు చవకైన బదులుగా మెజ్ మూరియే అనే రసాయనవేత్త మార్గరిన్ చేసినప్పుడు అందులో వాడింది ఎద్దు కొవ్వు. మొక్కల నూనెకు హైడ్రోజన్ పట్టించి గడ్డకట్టించే పద్ధతికి 1902లో జర్మన్ శాస్త్రవేత్త నార్మన్ పేటెంటు పొందాడు. మన దేశంలో 1937లో డాల్డా వనస్పతి వచ్చింది. పచ్చటి చెట్టు బొమ్మ ఉన్న ఆ డబ్బా నేతికి బదులుగా ఇంటింటా చేరింది. పెళ్లి వంటలు, హోటళ్ల పొయ్యిలు, బేకరీ బల్లలు దాని వశమయ్యాయి. 1983లో వనస్పతిలో పశువుల కొవ్వు కలుస్తోందన్న వార్తలతో దేశం కలవరపడింది. కళ్లకు కనిపించని కొవ్వు విషయంలో జనం ఎంతగా నమ్మకం మీద ఆధారపడతారో ఆనాడే తెలిసింది. ఆ తర్వాత వైద్యులు మరో సంగతి తేల్చారు. నూనెను సగం సగం గడ్డకట్టించినప్పుడు ట్రాన్స్ కొవ్వులు పుడతాయి. అవి చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచి, మంచి కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తాయి. గుండెకు చేటు చేస్తాయి. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని తిండిలోంచి తొలగించాలని అన్ని దేశాలనూ కోరింది. మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో వాటి పరిమితిని 2021 జనవరి నుంచి మూడు శాతానికి, 2022 జనవరి నుంచి రెండు శాతానికి దించారు.

చట్టం మంచి పనే చేసింది. హైడ్రోజన్ పట్టించిన నూనె తగ్గిన చోటికి పామాయిల్ మరింతగా వచ్చింది. అది సహజంగానే కొంత గట్టిగా ఉంటుంది. మన దేశం వాడే వంటనూనెల్లో సగానికి పైగా దిగుమతే. అందులో పెద్ద వాటా ఇండోనేషియా, మలేషియాల పామాయిల్‌ది. ఆ తోటల కోసం బోర్నియో, సుమత్రా అడవులు ఎంతగా నరికేశారో ప్రపంచానికి తెలుసు. ఒరాంగుటాన్‌లు ఆ అడవుల్లోనే బతికేవి. జంతువు మీద దయతో వెన్నను వదిలేసి, ఆ స్థానంలో పెట్టిన కొవ్వు మరో జంతువు ఇల్లు కూల్చిన చోటు నుంచి వస్తే మనసుకు నెమ్మది ఎక్కడిది? చిట్టాలోంచి పాలనూ గుడ్డునూ కొట్టేసినంత మాత్రాన పని పూర్తి కాదు. వాటి చోట ఏం పెట్టాం, అది ఏ నేలలో పండింది, ఎవరు పండించారు అనేవి కూడా అడగాలి. వీగన్ పఫ్ గురించి మా మాట ఇదే.

ఈ ప్రశ్నకు జవాబు జహీరాబాద్ చేలల్లోనే ఉంది. ఇక్కడి నల్లరేగడి నేలల్లో చలికాలంలో బోరు నీళ్లు, ఎరువు లేకుండా, నేలలో మిగిలిన తేమతో, తెల్లవారుజామున కురిసే మంచుతో కొన్ని పంటలు పండుతాయి. ఈ ప్రాంతపు మహిళా రైతులు వాటిని సత్యం పంటలు అంటారు. గోధుమ, తెల్లజొన్న, శనగ, బఠానీ, అవిసె, కుసుమ, ధనియాలు ఆ కోవలోవి. ఈ జాబితాను బేకరీవాడి కళ్లతో ఒకసారి చదవండి. పిండికి గోధుమ ఉంది. నూనెకు కుసుమ ఉంది. కూరకు శనగ, బఠానీ ఉన్నాయి. మసాలాకు ధనియాలున్నాయి. దీనికి జహీరాబాద్ మార్కెట్‌కు పేరు తెచ్చిన అల్లం, ఆలుగడ్డ తోడైతే ఒక్క తాలూకా నేలలోనే వీగన్ పఫ్ మొత్తం పండినట్టు. పుష్యమాసపు చలిలో పచ్చి కందికాయల గింజలు, అనపకాయ గింజలు దొరుకుతాయి. వాటిని కాస్త ఉడికించి అల్లం, పచ్చిమిరపతో నలిపి కూరితే మాంసం గుర్తుకే రాదు.

ఈ పంటలు ఇంకా బతికి ఉన్నాయంటే దాని వెనుక నలభై ఏళ్ల శ్రమ ఉంది. జహీరాబాద్ పక్కనే పస్తాపూర్‌లో 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. పీవీ సతీష్ దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. 2023లో, ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన ఏడాదిలోనే ఆయన కన్నుమూశారు. ఆ సంస్థకు వెన్నెముక ఊళ్లలోని దళిత మహిళల సంఘాలు. బీడుపడ్డ చెలకలను బాగుచేసుకున్నారు. ఒకే చేనులో పది ఇరవై రకాలు కలిపి వేశారు. విత్తనాలను బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచారు. సంక్రాంతి నుంచి నెల రోజులపాటు ఎడ్లబండ్ల మీద విత్తనాలు పేర్చి ఊరూరా తిప్పే పాత పంటల జాతర వారిదే. మాచ్నూరులో 2008లో మొదలైన సంఘం రేడియో వారి గొంతే. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ పురస్కారం ఇచ్చింది. జహీరాబాద్‌లో వారు చిరుధాన్యాల వంటలతో కెఫే ఎత్నిక్ అనే హోటలూ తెరిచారు. పట్నం ఇప్పుడు కొత్తగా అడుగుతున్న తిండిని ఈ తల్లులు ఏ పేరూ పెట్టకుండా ఏనాటినుంచో పండిస్తున్నారు, వండుతున్నారు.

ఇక చేతి పని సంగతి. జొన్న ఎంత మంచిదైనా దానితో మాత్రమే పఫ్ కాదు. జొన్నలో జిగురు లేదు. గోధుమలోని జిగురే పిండిని పలకలా సాగనిస్తుంది, ఆవిరిని పట్టి ఉంచుతుంది. గోధుమపిండికి కొంత జొన్నపిండి కలిపితే రుచీ కరకరా పెరుగుతాయి. జొన్న ఎక్కువైతే పొరలు చిట్లిపోతాయి. పొట్టుతో మరపట్టిన గోధుమపిండి మైదా అంత ఎత్తు లేవదు. పొట్టు పలుకులు పొరలను కోసేస్తాయి. జల్లెడ పట్టి, పిండిని కాసేపు నానబెడితే చాలావరకు దారికి వస్తుంది. ఎత్తు కొంత తగ్గినా గోధుమ వాసన నిండుగా ఉండే పఫ్ వస్తుంది. బంగారు రంగులో ఉబ్బిన పఫ్ ఒక్కటే పఫ్ అనుకునే కంటికి కొత్త రూపం అలవాటు కావాలి.

అసలు కష్టం కొవ్వు దగ్గరే. కుసుమ నూనె, పల్లీ నూనె, నువ్వుల నూనె ఏవీ గడ్డకట్టవు. పిండి మీద పోస్తే ఇంకిపోతాయి. మన ఇళ్లకు దీనికి విరుగుడు తెలుసు. తాపేశ్వరం మడత కాజా పొరలు ఎలా వస్తాయో పిండివంటలు చేసే ఏ ఇల్లాలినైనా అడగండి. బియ్యపు పిండిని నేతితో మెదిపి, పలచగా ఒత్తిన రొట్టెల మధ్య పూసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, చుట్టి, ముక్కలు కోసి, మళ్లీ ఒత్తుతారు. సరిహద్దుకు అవతల కన్నడ ఇళ్లలో చిరోటీ చేసేదీ ఇలాగే. నేతికి బదులు గానుగ నూనె వేసి బియ్యపు పిండిని చిక్కగా మెదిపితే అది జారదు, ఇంకదు, పొరల మధ్య నిలబడుతుంది. వేసవి వేడికి కరిగే భయమూ లేదు. ఇలా చేసింది మార్గరిన్ పఫ్ అంత ఉబ్బదు. కాని పొరలు విడివిడిగా వస్తాయి, గలగలలాడతాయి, అంగిట్లో మైనపు పూత మిగల్చవు. అయిదు వేళ్లకు తెలిసిన ఈ విద్యను తీపి పిండివంటల నుంచి కారపు బేకరీకి నడిపించడమే మిగిలింది.

అంతకంటే ఎత్తుగా లేవాలంటే సహజంగా గడ్డకట్టే మొక్కల కొవ్వు కావాలి. అదీ మన అడవుల్లో ఉంది. ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఇప్పగింజల నూనెను తరతరాలుగా వంటకు వాడుతున్నారు. చలికి అది నెయ్యిలా పేరుకుంటుంది. కొంకణ తీరంలో కోకం గింజల కొవ్వు గది వేడిలోనూ గట్టిగానే ఉంటుంది. 1944లో పునాదులు పడిన హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో నూనెలు, కొవ్వుల మీద దశాబ్దాలుగా పరిశోధన సాగుతోంది. పటాన్‌చెరులో 1972 నుంచి మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది. రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది. జొన్న బిస్కెట్టు దాకా వచ్చిన శాస్త్రం చిన్న బేకరీవాడి బల్ల మీదికి కూడా రావాలి. అడవి బిడ్డలు ఏరుకొచ్చిన ఇప్పగింజకు సరైన ధర కట్టి, దాన్ని శుద్ధి చేసి, బేకరీకి పనికొచ్చే కొవ్వుగా మార్చగలిగితే అటు గూడేనికీ ఇటు గుండెకూ మేలు.

గుడ్డు లేకుండా ఎగ్ పఫ్ ఎలా అని అడిగేవారికి కూడా మార్గాలున్నాయి. శనగపిండిని చిక్కగా ఉడికించి, పళ్లెంలో ఆరబోసి, ముక్కలు కోసి పెడితే గుడ్డు మెత్తదనం కొంత వస్తుంది. చిటికెడు నల్లుప్పు వేస్తే దానిలోని గంధకం గుడ్డు వాసనను గుర్తుచేస్తుంది. పైన మెరుపుకు సోయాపాలు పూయవచ్చు, కాస్త బెల్లం నీళ్లు పూసినా రంగు వస్తుంది. హైదరాబాద్ పెళ్లిళ్లలో మొదట వడ్డించే లుఖ్మీకి ఖీమా బదులు మీల్‌మేకర్ వాడవచ్చు. వేడినీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, తరిగి, అల్లం వెల్లుల్లి, పుదీనా, గరం మసాలాతో నీరంతా ఇగిరేదాకా వేయించాలి. పిండిలో పెరుగు, నెయ్యి మానేసి నూనె, నిమ్మరసం చాలు. పచ్చి పనసకాయను పొట్టులా కొట్టి వండినా మాంసపు పీచు తీరు వస్తుంది. అలవాటైన రుచిని వదులుకోలేక, మనసొప్పక మాంసం మానిన మనిషికి ఈ పోలికలు తోడుగా నిలుస్తాయి. అందులో తప్పేమీ లేదు.

2019 జనవరిలో ఇంగ్లండులో గ్రెగ్స్ అనే బేకరీ దుకాణాల వరుస తన సాసేజ్ రోల్‌కు వీగన్ రూపం తెచ్చింది. పంది మాంసం చోట శిలీంధ్రాల నుంచి తీసిన ప్రొటీన్ పెట్టింది. టీవీల్లో వాదులాటలు నడిచాయి. దుకాణాల్లో మాత్రం సరుకు నిలవలేదు. మామూలు కార్మికుడు కొనుక్కునే చవక తిండి కూడా ఇలా మారగలదని ఆ అనుభవం చెప్పింది. మనకు అంతకంటే అనుకూలమైన సంగతి ఒకటుంది. మాంసాన్ని అనుకరించనక్కర్లేని పప్పుల, కూరల, ఆకుల వంట మన చేతిలో ఉంది. అనుకరణ ఒక మెట్టు. దాని పైన మన సొంత రుచి ఉంది. కందిగింజల పఫ్ ఎవరికో బదులుగా కాకుండా తన పేరుతోనే అమ్ముడుపోవాలి.

ఒక జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. మన సమాజంలో తిండి చుట్టూ ఎక్కువ తక్కువల చరిత్ర ఉంది. శాకాహారం పేరుతో ఇంకొకరి పళ్లేన్ని చిన్నచూపు చూసిన చరిత్ర అది. వీగన్ ఆలోచన ఆ పాత అహంకారానికి కొత్త చొక్కా కాకూడదు. పస్తాపూర్ సంఘాల మహిళల్లో ఎందరి ఇళ్లలోనో మాంసం తింటారు. అది వారి తిండి, వారి హక్కు. సత్యం పంటలు పండించి నేలను కాపాడుతున్నదీ వాళ్లే. రెండు బర్రెల పాలు పోసి పిల్లల చదువు నెట్టుకొస్తున్న ఇల్లాలి ముందు పాలు పాపమని చెప్పడమూ న్యాయం కాదు. పాడికి తోడుగా కుసుమ, నువ్వు, పల్లీ కూడా ఆమె ఇంటికి డబ్బు తెచ్చే రోజు రావాలి. ఎవరినీ కించపరచకుండా, ఎవరి బతుకునూ తీయకుండా పళ్లెంలో హింస తగ్గించుకోవడమే కరుణ అనిపించుకుంటుంది.

బేకరీలో పనిచేసేవారిని కూడా మరవరాదు. తెల్లవారుజామునే లేచి, పొయ్యి వేడిలో పిండి మడతలు వేసేవాళ్లకు కొత్త పద్ధతి అదనపు భారం. దానికి శిక్షణ కావాలి, ప్రయోగంలో పాడైన పిండి ఖర్చు ఎవరైనా భరించాలి. జిల్లా పరిశ్రమల కేంద్రాలు, మహిళా పొదుపు సంఘాలు, హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీలు చేయి కలిపితే ఇది పెద్ద పని కాదు. సంఘాల గానుగ నూనె నేరుగా బేకరీకి చేరితే నూనె ధర కొంత దిగుతుంది. ముంబై హైవే మీద ఆగే లారీ డ్రైవరుకు, తీర్థానికో పెళ్లికో పోయే కుటుంబానికి, జహీరాబాద్ గోధుమతో, కుసుమ నూనెతో చేసిన కంది పఫ్ ఆ నేల రుచిని చూపించగలదు. తాండూరు కందికి, కోహీర్ జామకు ఉన్నట్టే దానికీ ఊరి పేరు రావచ్చు.

ఇందులో తినేవారి వంతు చిన్నదే గాని ముఖ్యమైనది. పఫ్ కొనేటప్పుడు ఇందులో ఏ నూనె వాడారు, పైన ఏం పూశారు అని మర్యాదగా అడగాలి. అడిగేవారు నలుగురైతే బేకరీవాడు అట్టపెట్టె మీది అక్షరాలు చదువుతాడు. పదిమందైతే పలక మీద రాసి పెడతాడు. వందమందైతే నూనె మారుస్తాడు. పాలూ గుడ్డూ తీసేయడం ఈ పనిలో సులువైన సగం. వాటి చోట మంచిదాన్ని, మన నేలదాన్ని, పండించినవారికి నాలుగు రూపాయలు మిగిల్చేదాన్ని పెట్టడం కష్టమైన సగం. ఆ సగానికి కావలసిన విత్తనాలను జహీరాబాద్ తల్లులు ఇప్పటికే కాపాడి పెట్టారు. వాటిని చేను నుంచి గానుగకు, గానుగ నుంచి బేకరీ బల్లకు చేర్చే పని ప్రభుత్వానిది, శాస్త్రవేత్తలది, వ్యాపారులది. ఆ పని జరిగేదాకా అడుగుతూ ఉండాల్సింది మనం.